లైనక్స్‌లో ‘ఫ్రీ’ కమాండ్ కొడితే ఖాళీ మెమరీ అంత తక్కువ చూపిస్తుందేంటి? ర్యామ్ అయిపోయినట్టేనా?

అయిపోలేదు, చూడాల్సింది ‘ఫ్రీ’ కాలమ్ కాదు, చివర్లో ఉండే ‘అవైలబుల్’. డిస్క్ నుంచి ఒకసారి చదివిన ఫైళ్లను కెర్నల్ (లైనక్స్‌ను నడిపే ప్రధాన భాగం) ర్యామ్‌లోనే అట్టిపెట్టుకుంటుంది, మళ్లీ అడిగితే వెంటనే ఇవ్వడానికి. ప్రోగ్రామ్‌లకు చోటు కావాల్సొస్తే ఇలా అట్టిపెట్టుకున్న క్యాష్‌లో చాలా భాగాన్ని అప్పటికప్పుడు వదిలేస్తుంది. 8 జీబీ మెషీన్‌లో యూజ్డ్ 2.5, ఫ్రీ 0.3, బఫ్/క్యాష్ 5 అని ఉన్నా అవైలబుల్ 4.8 దాకా కనిపించొచ్చు. టెన్షన్ అక్కర్లేదు.

ఫ్రీ అంకె తక్కువుంటే మెషీన్ స్లో అవుతుందనుకుని కొందరు డ్రాప్ క్యాషెస్‌ను (ఆ క్యాష్‌ను ఖాళీ చేయించే సెట్టింగ్) ఏకంగా క్రాన్‌లో (టైమ్ ప్రకారం కమాండ్లను దానంతటదే నడిపేది) పెట్టేస్తారు. అంకె పెరుగుతుంది నిజమే, కానీ ఆ ఫైళ్లన్నీ మళ్లీ డిస్క్ నుంచే చదవాలి కాబట్టి ఇంకా నెమ్మదిస్తుంది. నిజంగా కొరత వస్తే అవైలబుల్ పడిపోతుంది; స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే డిస్క్ చోటు) ఉన్న మెషీన్‌లో అయితే వీఎంస్టాట్ కమాండ్ చూపించే ఎస్ఐ, ఎస్ఓ (స్వాప్ నుంచి ర్యామ్‌లోకి వచ్చేది, ర్యామ్ నుంచి స్వాప్‌లోకి వెళ్లేది) అంకెలు సున్నాకు దిగకుండా ఆడుతూనే ఉంటాయి.