ఫెస్ట్ కన్వీనరైన అమ్మడికి పెద్దమ్మ రాస్తున్నది

అమ్మడూ,

ఈ ఏడాది కాలేజీ ఫెస్ట్‌కి నిన్నే కన్వీనర్‌ని చేశారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఆ మర్నాడే నువ్వు పంపిన కార్యక్రమాల పట్టిక అందింది. చిన్నప్పుడు నలుగురిలో పాట పాడమంటే నా వెనక దాక్కున్న పిల్లవి. ఇప్పుడు వేలమందిని ఒకచోటికి పిలిచి కూర్చోబెడతానంటున్నావు. చెప్పొద్దూ, ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ ఆ పట్టిక చూపించాను. అయితే మూడో రోజు సాయంత్రం దగ్గర "సంగీత విభావరి, ప్రవేశం ఉచితం, అందరూ ఆహ్వానితులే" అన్న ముక్క చదివాక ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే "సరే పెద్దమ్మా, సరే సరే" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. తీరిగ్గా కూర్చుని చదువు.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తాను. పరీక్షల విభాగాన్ని అడక్కుండా తేదీలు ప్రకటించకు. ఏ రోజు ఖర్చు ఆ రోజు రాత్రే రాయించు, డబ్బు తీయాలంటే ఇద్దరు సంతకం పెట్టాల్సిందే అని మొదటి రోజే చెప్పెయ్. జడ్జీలకు మార్కులు ఎలా వేయాలో ముందురోజే పంపు. క్విజ్‌లో రెండు జట్లు సమానంగా నిలిస్తే అడిగే ప్రశ్నలు విడిగా దాచుకో. సర్టిఫికెట్లు అచ్చుకి పంపే ముందు ఎవరి పేరు వాళ్లకే చూపించు. ముఖ్య అతిథి రాకపోయినా చెప్పిన టైముకి మొదలుపెట్టెయ్. ఆయన కోసం ఆగావంటే మొదటి నాటకంవాళ్లు మేకప్‌తో ఉడికిపోతారు.

రెండో రోజు సంగతి మాత్రం కాస్త గట్టిగా అడగాలి. పొద్దున రక్తదాన శిబిరం, మధ్యాహ్నం రిలే పరుగు ఫైనల్. ఇలా వేసిన మహానుభావుడెవరు? ఉత్సాహంగా ముందుకొచ్చి రక్తం ఇచ్చేది ఎవరనుకున్నావు, ఆ పరిగెత్తే పిల్లలే. 350 నుంచి 450 మిల్లీలీటర్ల రక్తం ఇచ్చినవాడు ఆ రోజు మంచినీళ్లు బాగా తాగి కుదురుగా కూర్చోవాలి, బరువులెత్తకూడదు, పరుగులు అసలే వద్దు. శిబిరాన్ని ఆటలన్నీ అయిపోయిన రోజుకి జరుపు. ఇంకో మాట. రక్తం ఇవ్వాలంటే చాలాచోట్ల 18 ఏళ్లు నిండాలి. మొదటి సంవత్సరం పిల్లల్లో చాలామందికి నిండవు. వాళ్లని వరుసలో నిలబెట్టి, తీరా బల్ల దగ్గరికొచ్చాక వెనక్కి పంపితే చిన్నబుచ్చుకుంటారు. పోస్టర్ మీదే రాయించు.

మైకుల సంగతి నీకు తెలుసంటావు. తెలిసినా విను. స్పీకర్లు ఎప్పుడూ మైకుకి ముందుండాలి. మైకు పట్టుకున్నవాడు స్పీకర్ ముందుకి నడిచాడంటే అది కూత పెడుతుంది, వేలమంది చెవులు మూసుకుంటారు. చక్రంలాంటి డబ్బాకి చుట్టి తెచ్చే పొడుగు కరెంటు తీగని పూర్తిగా విప్పి వాడమను. చుట్టలా ఉండగానే ఎక్కువ లోడు వేస్తే లోపల వేడెక్కి పై తొడుగు కరిగిపోతుంది. జనరేటర్ బయటే ఉండాలి, కిటికీకి దూరంగా. దాని పొగలో వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. వర్షం పడుతోందని దాన్ని వరండాలోకి లాగే తెలివైనవాళ్లు ప్రతి కమిటీలోనూ ఒకరుంటారు. మీ కమిటీలో ఎవరో నీకే తెలియాలి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను.

నేను రెండో సంవత్సరంలో ఉండగా మా వార్షికోత్సవానికి వాలంటీర్‌ని. బ్యాడ్జీ తగిలించుకుని ఆడిటోరియం పెద్ద గుమ్మం దగ్గర పాస్‌లు చూసే పని. అప్పటి కన్వీనర్ మా సీనియర్. చాలా తెలివైనవాడు, ఎంత పనైనా ఒంటిచేత్తో చేసేస్తాడని పేరు. అతను చేసిన తప్పు ఏమిటో చెబితే, ఇందులో తప్పేముంది అని నువ్వూ అంటావు. అందుకే దీన్ని వివరంగా చెబుతున్నాను. పాస్‌లు తీసుకున్నవాళ్లంతా ఎలాగూ రారని హాల్లో ఉన్న సీట్లకంటే ఎక్కువ పాస్‌లు పంచాడు. పాస్ లేనివాళ్లు దొంగచాటుగా దూరకూడదని రెండు పక్క తలుపులకీ తాళాలు వేయించాడు. తాళంచెవులు ఎవరికిచ్చినా స్నేహితులని లోపలికి వదులుతారని జేబులో పెట్టుకుని, అతిథిని తీసుకురావడానికి తనే వెళ్లాడు.

గుమ్మం బయట జనం నిండిపోయారు. తలుపు తెరవడానికి ఇంకా టైముంది. అప్పుడు లోపల సౌండ్ చెక్ మొదలైంది. డ్రమ్స్ వాయిస్తున్నారు, ఎవరో పల్లవి అందుకున్నారు. బయట వెనకవరసల్లో ఉన్నవాళ్లు ప్రోగ్రాం మొదలైపోయిందనుకున్నారు. అంతే, ముందుకి కదిలారు. ఎవరూ ఎవరినీ తొయ్యాలని తొయ్యలేదమ్మడూ. ఒక్కొక్కళ్లూ ఒక్క అడుగు ముందుకి వేశారు. ఆ అడుగులన్నీ కలిసి ముందున్నవాళ్ల మీదికి వచ్చాయి. నా ఎదురుగా ఉన్న అమ్మాయికి చేతులు పైకెత్తే చోటు కూడా లేదు. నోరు తెరుస్తోంది, మాట రావట్లేదు. నేను "వెనక్కి జరగండి, వెనక్కి జరగండి" అని ఆమె మొహంలోకే అరుస్తున్నాను. ఆమె ఎక్కడికి జరుగుతుంది? జరగగలిగినవాళ్లకి నా గొంతు వినిపించదు, నా గొంతు వినిపించేవాళ్లు జరగలేరు.

మమ్మల్ని గట్టెక్కించింది ఆడిటోరియం అటెండర్. పెద్దగా చదువుకున్నవాడు కాదు, మా కమిటీ సమావేశాలకి ఆయన్ని ఒక్కసారి కూడా పిలవలేదు. ఆయన ముందు లోపలికి పోయి వాయిద్యాలు ఆపించాడు. తర్వాత పిట్టగోడ మీద నుంచి జనం వెనక్కి వెళ్లి, చిట్టచివర ఉన్నవాళ్లతో "ఇంకా మొదలవలేదు, పదడుగులు వెనక్కి రండి, ఇక్కడ నేలమీద కూర్చోండి" అని చెప్పాడు. వెనకవాళ్లు వదులైతేగానీ ముందువాళ్లకి ఊపిరి ఆడలేదు. ఆ తర్వాత ఒక రాయి తీసుకుని పక్క తలుపు తాళం పగలగొట్టాడు. స్పృహ తప్పినవాళ్లని ఆ తలుపులోంచే మోసుకెళ్లారు. దేవుడి దయ, ఎవరి ప్రాణం మీదికీ రాలేదు. అందరూ బతికారు కాబట్టే అది మర్నాటికి నవ్వుకునే కథైపోయింది. తాళం పగలగొట్టినందుకు ఆయన దగ్గర సంజాయిషీ అడిగారని చాలా రోజుల తర్వాత తెలిసింది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

తర్వాత నేను లెక్చరర్‌నై, ఇలాంటి కార్యక్రమాలు చూసుకునే బాధ్యత నా మీద పడ్డాక, ఇదంతా మా కాలేజీలో మాత్రమే జరిగింది కాదని తెలిసింది. 1979 డిసెంబర్ 3న అమెరికాలోని సిన్సినాటిలో 'ద హూ' బృందం కచేరీకి వచ్చినవాళ్లు తలుపుల బయట ఇలాగే గుమిగూడారు. లోపల సౌండ్ చెక్ వినిపించి, మొదలైందనుకుని కదిలారు. తెరిచినవి కొన్ని తలుపులే. 11 మంది చనిపోయారు. ఎక్కడో విదేశంలో, ఎప్పుడో పాతకాలంలో అనుకోకు. 2023 నవంబర్ 25న కొచ్చిన్ శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయంలో టెక్ ఫెస్ట్. నీ వయసు పిల్లలే, నీలాంటి కన్వీనర్లే. ఓపెన్ ఎయిర్ ఆడిటోరియంలో సంగీత కార్యక్రమం మొదలవబోతోంది. వాన పడింది. బయట ఉన్నవాళ్లు తలదాచుకుందామని లోపలికి ఒక్కసారిగా వచ్చారు. దారిలో నిటారు మెట్లు. నలుగురు పోయారు. ఆ వార్త చదివిన రోజు నేను భోజనం ముందు నుంచి లేచిపోయాను. మీ పెదనాన్న ఏమైందని అడిగితే చెప్పలేకపోయాను.

ఇలాంటిచోట కాళ్ల కింద నలిగి చనిపోతారనుకుంటాం. ఎక్కువమంది నిలబడే పోతారు. చుట్టూ ఒత్తిడికి ఛాతీ విప్పారక ఊపిరందదు. చదరపు మీటరులో నలుగురు దాటారంటే జాగ్రత్త పడాలి. ఆరేడుగురైతే ఇక ఎవరి కాళ్లు వాళ్ల మాట వినవు, జనం నీళ్లలా ఊగుతారు. సుద్దముక్కతో నేలమీద ఒక మీటరు గడి గీసి, నీ వాలంటీర్లలో నలుగురిని అందులో నిలబెట్టి చూపించు. ఉపన్యాసం అక్కర్లేదు.

లెక్క కూడా వేసి చూపిస్తాను. పాస్ చూసి ఒక మనిషిని పంపడానికి అయిదు సెకన్లనుకో. ఒక వరుసలో నిమిషానికి 12 మంది. మీ హాల్లో 1,200 సీట్లంటున్నావు కదా, ఒక్క గుమ్మంలో ఒక్క వరుసైతే 100 నిమిషాలు. అయిదు వరుసలైతే 20. నువ్వేమో తలుపులు ఆరున్నరకి తెరిచి ఏడింటికి మొదలుపెడతానని రాశావు, వరుసలెన్నో రాయలేదు! ముందు ఆ సంఖ్య తేల్చు, పాటలవాళ్ల పేర్లు తర్వాత. సీట్లెన్నో పాస్‌లు అన్నే, ఒక్కటి కూడా ఎక్కువ వద్దు. "అందరూ ఆహ్వానితులే" అన్న ముక్క ఇవాళే తీయించు. సౌండ్ చెక్ జనం రాకముందే అయిపోవాలి. వరుస సందులోనో గుమ్మం ముందు మెట్ల మీదో కాకుండా మైదానంలో మొదలవాలి, మధ్యలో తాళ్లు కట్టించు. వరుస చివర ఒక మనిషి ఉండాలి, అతని చేతిలో మెగాఫోన్ ఉండాలి. చాలా కమిటీలు మెగాఫోన్‌ని గుమ్మం దగ్గరే పెట్టుకుంటాయి. వాన వస్తే జనం ఎటు పోవాలో నువ్వు ముందే అనుకుని ఉండాలి.

కార్యక్రమం జరుగుతున్నంతసేపూ ఏ తలుపుకీ తాళం ఉండకూడదు. పాస్ లేనివాళ్లు దూరతారని భయమైతే ప్రతి తలుపు దగ్గరా ఒక మనిషిని కూర్చోబెట్టు. పాస్ లేకుండా నలుగురు పాటలు వినిపోయినంత మాత్రాన నీ ఫెస్ట్ మునిగిపోదు. మొదలుపెట్టేటప్పుడు యాంకర్ చేత పక్క తలుపులు ఎక్కడున్నాయో చేత్తో చూపించి చెప్పించు. 2003లో అమెరికాలోనే రోడ్ ఐలండ్‌లో ఒక నైట్‌క్లబ్‌లో, వేదిక మీద కాల్చిన బాణసంచాకి గోడకున్న ఫోమ్ అంటుకుని 100 మంది చనిపోయారు. వేరే దారులున్నా ఎక్కువమంది వచ్చిన గుమ్మం వైపే పరిగెత్తి అక్కడే ఇరుక్కుపోయారు. అన్నట్టు, మీ స్పాన్సర్లు వేదిక మీద నిప్పురవ్వల మిషన్ పెడతామన్నారని మీ అమ్మ చెప్పింది. కుదరదని చెప్పు. బతిమాలినా కుదరదు. కావాలంటే మా పెద్దమ్మ ఒప్పుకోలేదని నా పేరు చెప్పు.

ఇంకొకటి, ప్రోగ్రాం ఆపే అధికారం ఎవరిదో రాసి పెట్టుకో. పాట మధ్యలోనైనా సరే, ఎవర్నీ అడక్కుండా ఆపగలిగే మనిషి ఒకరుండాలి. అది నువ్వు కాకుండా ఉంటే మంచిది. ఆ టైముకి నువ్వు అతిథికి పూలగుత్తి ఎక్కడుందని వెతుకుతుంటావు, నాకు తెలుసు.

మరీ భయపెట్టానేమో. భయం కోసం కాదు రాసింది. ఈ పనుల్లో ఎన్ని సంతోషాలుంటాయో నీకు చెప్పకుండా ఉత్తరం ముగించలేను. ఒకసారి మోనో యాక్షన్‌లో మొదటి బహుమతి వచ్చిన కుర్రాడు వీల్‌చెయిర్‌లో ఉండేవాడు. హాల్లోకి ర్యాంప్ ఉంది, వేదిక మీదికి లేదు. బహుమతి కింద ఇచ్చేద్దాం అన్నారు. ఆరోజు కార్పెంటరీ వర్క్‌షాప్ పిల్లలు ఎవరూ చెప్పకుండానే పలకలు తెచ్చి, మధ్యాహ్నం భోజనాల టైములో వాలుదారి కట్టేశారు. ఒకటికి పన్నెండు వాలు, అంటే అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు ఉండాలని పాఠంలో చదివింది తీసి కొలిచి మరీ కట్టారు. వాడు వేదిక మీదికి తనే చక్రాలు తిప్పుకుంటూ వచ్చాడు. మీ వేదికకి ర్యాంప్ ఉందా? పట్టికలో కనిపించలేదు. విజేత తేలాక వెతుక్కోకు, ముందే కట్టించు.

నీ సంగతి. అన్నీ నువ్వే చేయాలనుకోకు. ఆ తాళంచెవుల కుర్రాడికీ ఉన్న జబ్బు అదే, పని ఎవరి చేతిలోనూ పెట్టడు. మూడు రోజులూ వేళకి తిను, కనీసం నీ ఫోన్ ఇంకొకరికిచ్చి రోజూ నాలుగు గంటలైనా పడుకో. నిద్రలేని మనిషి గొడవ వస్తే అరుస్తుంది, నీకు అసలే ముక్కు మీద కోపం. వాచ్‌మన్‌లనీ, అటెండర్లనీ, కరెంటు పనివాళ్లనీ నీ మొదటి సమావేశానికి పిలువు. కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఆ హాల్లో ఇదివరకు ఏమేం జరిగాయో అడుగు. నువ్వు మాట్లాడకు, రాసుకో.

ఆదివారంలోగా హాలు పటం గీసి పంపు, ప్రతి తలుపూ ఎంత వెడల్పో, ఎటు తెరుచుకుంటుందో రాయి. వేదిక అలంకరణ ఫొటోలు ఇప్పుడే వద్దు. సంగీత విభావరికి నేనూ మీ పెదనాన్నా వస్తున్నాం, రెండు పాస్‌లు లెక్కలో రాసుకునే పంపు. ముందువరసలో కూర్చోబెట్టకు, నాకు పక్క తలుపు దగ్గర సీటు చాలు.

మీ పెద్దమ్మ