జిమ్‌కు వెళ్తున్నా బరువు ఎందుకు పెరుగుతోంది?

జిమ్‌లో చేరిన రెండు వారాలకే కిలోన్నర పెరిగానని అడిగారు. అది కొవ్వు అయ్యే అవకాశం తక్కువ. ఒక కిలో కొవ్వు చేరాలంటే ఖర్చయ్యేదాని మీద సుమారు 7,700 కేలరీలు అదనంగా తినాలి. మీకు పెరిగింది చాలావరకు నీరే అయి ఉంటుంది.

అలవాటు లేని కండరాలకు పని చెబితే వాటి పోగులు అక్కడక్కడా స్వల్పంగా దెబ్బతింటాయి. బాగుచేసుకునే క్రమంలో అక్కడ నీరు చేరి కాస్త వాస్తుంది. మర్నాడు మెట్లు దిగుతుంటే తొడలు పట్టేసినట్టు ఉండేది ఆ దశలోనే. పైగా కండరాలు గ్లైకోజెన్ రూపంలో చక్కెరను మునుపటికంటే ఎక్కువ దాచుకుంటాయి. దాని ఒక్కో గ్రాముతో దాదాపు 3 గ్రాముల నీరు కూడా నిలుస్తుంది. జిమ్‌కు వెళ్లేవారిలో కొందరు బలం కోసం తీసుకునే క్రియాటిన్ అనే పొడి వాడుతుంటే ఇంకొంత నీరు చేరుతుంది. కండ పెరిగిందని జిమ్ మిత్రులు ఓదారుస్తారు గానీ, రెండు వారాల్లో కిలోన్నర కండ రావడం దాదాపు అసాధ్యం.

నెలలు గడిచినా పెరుగుతూనే ఉంటే అనుమానించవలసింది ఆకలిని. అరగంట వేగంగా నడిస్తే ఖర్చయ్యేది సుమారు 150 కేలరీలే. తిరుగుదారిలో నెయ్యి వేసిన మసాలా దోసె తింటే అంతకు రెట్టింపు వచ్చిపడుతుంది. ‘ఇంత నడిచాం కదా’ అనే ధీమాతో చాలామంది తినేది ఇలాగే.

ఉదయం ఏమీ తినకముందే బరువు చూసుకుని, వారం సగటు రాసుకోండి. నడుమును టేపుతో కొలవండి. నడుము తగ్గుతుంటే బరువు కదలకపోయినా దిగులు అక్కర్లేదు. పాదాల వాపు, ఆయాసం ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా వైద్యుణ్ణి కలవండి.