పన్నెండు పంక్తులలో ఒక్క మాట

విశాఖపట్నం

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

ప్రదర్శనలో గోడకు తగిలించే అచ్చు చిత్రం కోసం నీవు పంపిన చిత్తుప్రతిని రెండుసార్లు చదివాను. రామకృష్ణా బీచ్‌లో ఇసుక కోతను గురించిన ఆ పన్నెండు పంక్తులు కవితగా బాగున్నాయి. అయితే వాటిని అలాగే పెద్ద అక్షరాలతో అచ్చువేసి తగిలిస్తే, వచ్చినవారు చదివి ముందుకు సాగిపోతారు. చదవడం అయ్యాక అక్కడ చూడవలసినది ఏదీ మిగలదు. పుస్తకంలో ఇమిడే మాటలకు గోడ ఎందుకో ముందు తేల్చుకో.

నా కన్ను ‘ఒడ్డు’ అనే మాట దగ్గర ఆగింది. డకారం కింద మరో డకారం ఒదిగి ఉన్న ఆ మాటలోనే కట్టను ఆనుకున్న అల వంటిది ఉంది. దానిని లినోలియం అనే మెత్తని పలక మీద చెక్కి, నూనె సిరాను రోలర్‌తో ఒక్కసారే పూసి, మళ్లీ పూయకుండా వరుసగా అయిదు పలుచని కాగితాల మీద చెంచా వెనుక వైపుతో రుద్ది చూడు. మొదటి కాగితం మీద నల్లగా నిలిచిన ఒడ్డు అయిదవదానికి వచ్చేసరికి కనబడీ కనబడకుండా పోతుంది. కోతను పూడ్చడానికి పోర్టు వద్ద తవ్వి తీసిన ఇసుకను బీచ్‌లో పోయడం నీవు ఎరిగినదే కనుక, ఆరవ కాగితానికి ముందు మళ్లీ సిరా పూయాలా వద్దా అన్నది నీవే ఆలోచించుకో, నేనైతే పూస్తాను. ఇదే మాటను ఫ్లెక్సీ మీద ఎన్నిసార్లు వేయించినా అన్నీ ఒకేలా వస్తాయి కాబట్టి నీ విషయానికి అది పనికిరాదు.

చెక్కే ముందు మాటను ట్రేసింగ్ కాగితం మీద రాసి, తిరగేసి, లినోలియం మీదికి ఎక్కించుకో. అక్షరం కనీసం అరచేయంత ఉండాలి, లేకపోతే ఒత్తుకూ పై అక్షరానికీ మధ్య సందు సిరాతో పూడిపోతుంది. లినోలియాన్ని కాసేపు ఎండలో ఉంచితే మెత్తబడి ఉలికి లొంగుతుంది. ఒకప్పుడు నేను ‘భీమిలి’ అని చెక్కపై చెక్కుతూ, భకారం కింది ఒత్తును కూడా ఖాళీ జాగా అనుకొని తొలిచేశాను. పదిహేను ప్రతులు అచ్చయ్యాక పక్కింటి పిల్లవాడు దానిని ‘బీమిలి’ అని చదివితే గానీ నాకు తెలియలేదు. తొలిచిన చెక్కను తిరిగి అతికించలేము కదా, ఆ పలకను పక్కన పడేశాను.

పన్నెండు పంక్తులనూ వదులుకోలేనంటే, జాలీ గుడ్డ గుండా సిరాను కాగితం మీదికి నెట్టే స్క్రీన్ ప్రింటింగ్ మేలు, అందులో అక్షరాలను తిరగేసే పని లేదు. గుడ్డల మీద అచ్చుకు సెంటీమీటరుకు 43 దారాల జాలీ సరిపోతుంది గానీ, కాగితం మీద సన్నని అక్షరాలకు 90 నుంచి 120 దారాలది అడుగు. డీటీపీ షాపులో, అక్షరాలను స్క్రీన్ మీదికి ఎక్కించే ఫిల్ము తీయించేటప్పుడు అక్షరాలను కర్వ్స్‌గా, అంటే ఫాంటుతో పనిలేని ఆకారాలుగా, మార్పించు. లేకుంటే వారి కంప్యూటర్‌లో ఫాంటు మారి ఒత్తులు చెల్లాచెదురవుతాయి. మన ఊరి గాలిలో తేమ ఎక్కువ కనుక, స్క్రీన్‌కు పూసిన ఎమల్షన్ (వెలుతురు తగిలితే గట్టిపడే పూత) పూర్తిగా ఆరనిదే లైటు కింద పెట్టవద్దు. పచ్చిగా ఉన్నది కడిగేటప్పుడు అక్షరాలతో సహా ఊడి వస్తుంది. రెండు రంగులు వేసేటట్లయితే కాగితాలను ముందురోజే ఆ గదిలో పరిచి ఉంచు, తేమకు సాగిన కాగితం మీద రెండో రంగు పక్కకు జరుగుతుంది.

సంఖ్య వేయడంలో ఒక చిన్న విషయం ఉంది. ప్రతులన్నీ ఒకేలా ఉన్నప్పుడు 1/5, 2/5 అని పెన్సిల్‌తో రాస్తాము. నీ ఒడ్డుకు అవి ప్రతులు కావు, అయిదూ కలిసి ఒక్క చిత్రం. కనుక వెనుక వైపు వరుస సంఖ్య మాత్రం వేసి, విడివిడిగా అమ్మవద్దు.

ఉలి పట్టే ముందు ట్రేసింగ్ కాగితాన్ని ఒకసారి ఇంటికి తీసుకురా, ఒత్తులను ఇద్దరం కలిసి చూద్దాం.

ఆశీస్సులతో,
నీ మాస్టారు