మంగళవారం రాత్రే ఉప్పు పట్టించు

అమ్మలూ,

ఈసారి థ్యాంక్స్‌గివింగ్ పండుగకి టర్కీ కోడి కాల్చేది మీ ఇంట్లోనే అని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎనిమిది మంది వస్తున్నారట, అందులో ఇద్దరు శాకాహారులట. మంచి పని పెట్టుకున్నావు. దాల్చినచెక్క, లవంగాలు వేసిన ఉప్పునీళ్ల బకెట్లో నానబెడతానన్నావని కూడా విన్నాను. ముందు ఆ బకెట్ సంగతి మాట్లాడుకుందాం.

కోడికూరలో ముక్క కాస్త ఎక్కువ ఉడికినా పులుసు దాన్ని కాపాడుతుంది. టర్కీకి ఆ ఆసరా లేదు. 12 పౌండ్ల పక్షి మూడు గంటలు పొడి వేడిలో ఉండాలి, పైగా బ్రెస్ట్ మాంసంలో కొవ్వు దాదాపు ఉండదు. దాన్ని ఎండిపోకుండా నిలబెట్టేది ఉప్పొక్కటే. ఉప్పు లోపలికి దిగితే మాంసంలోని కొన్ని ప్రోటీన్లు కరిగి వదులవుతాయి. అప్పుడు వేడి తగిలినా కండ అంతగా బిగుసుకోదు, నీరు బయటికి పోదు. మసాలా సంగతి అలా కాదు. ఎంతసేపు నానబెట్టినా లవంగం వాసన తోలు కిందికి పెద్దగా దిగదు. బకెట్లో గుప్పెళ్లకొద్దీ పోసిన దినుసులన్నీ చివరికి సింకు పాలే. అందుకే లోపలి పని ఉప్పుకి, పైపని మసాలాకి అప్పగించు.

నా ఓటు నీళ్లు లేకుండా పొడిగా ఉప్పు పట్టించడానికే. మాగాయ ముక్కలు ఉప్పుకి ఊట వదిలి, ఎండాక మళ్లీ ఆ ఊటనే పీల్చుకుంటాయి చూడు, ఇక్కడ జరిగేదీ అదే. మొదటి కొన్ని గంటలు పైన తడి తేలుతుంది, ఉప్పు అందులో కరుగుతుంది, తర్వాత ఆ తడి మెల్లగా లోపలికి పోతుంది. నీళ్ల బకెట్ అక్కర్లేదు, అపార్ట్‌మెంట్ ఫ్రిజ్‌లో దానికి చోటూ ఉండదు. తోలు కూడా బాగా కరకరలాడుతుంది.

12 పౌండ్లకి 40 నుంచి 45 గ్రాముల ఉప్పు చాలు. దయచేసి తూచి వెయ్యి. ఇక్కడ అమెరికాలో దొరికే కోషర్ ఉప్పులు, అంటే పెద్ద పలుకుల ఉప్పులు, ఒక్కో కంపెనీది ఒక్కో బరువు. మన మెత్తటి ఉప్పు రెండున్నర టేబుల్ స్పూన్లు 45 గ్రాములు తూగితే, పొరలు పొరలుగా తేలిగ్గా ఉండే కోషర్ ఉప్పు అదే బరువు రావడానికి ఐదు స్పూన్లు పడుతుంది. స్పూన్ల లెక్కన పోతే ఒకసారి చప్పగా, ఇంకోసారి నోట పెట్టలేనంత ఉప్పగా వస్తుంది.

బకెట్టే కావాలంటే గాలన్ నీళ్లకి 200 గ్రాముల ఉప్పు, అరకప్పు బ్రౌన్ షుగర్. కొద్ది నీళ్లలో కరిగించి, మిగతావి ఐసునీళ్లు పోసి పూర్తిగా చల్లబరిచాకే పక్షిని ముంచాలి. 12 నుంచి 18 గంటలు, అదీ ఫ్రిజ్‌లోనే, 40 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటకుండా. బయట చలిగానే ఉందిగా అని బాల్కనీలో పెట్టకు, మధ్యాహ్నం ఎండ వస్తే ఏమవుతుందో చెప్పలేం.

కొనేటప్పుడు కవరు మీద చిన్న అక్షరాలు చదువు. 'సొల్యూషన్' అని ఏదో శాతం రాసి ఉంటే కంపెనీవాళ్లే ఉప్పునీరు ఎక్కించారని అర్థం. యూదుల ఆచారం ప్రకారం కోసి అమ్మే కోషర్ టర్కీకీ ముందే ఉప్పు పట్టించి ఉంటుంది. వాటికి నువ్వు మళ్లీ ఉప్పు పెట్టకూడదు.

ఇక రోజుల లెక్క. 1941లో చేసిన చట్టం ప్రకారం పండుగ ఎప్పుడూ నవంబరు నాలుగో గురువారమే, కాబట్టి అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టుకో. గడ్డకట్టిన పక్షి ఫ్రిజ్‌లో కరగడానికి నాలుగైదు పౌండ్లకి ఒక రోజు పడుతుంది. శనివారం సాయంత్రం ఫ్రీజర్లోంచి ఫ్రిజ్‌లోకి, కింది అరలో, ట్రే మీద. మంగళవారం రాత్రికి మెత్తబడుతుంది. లోపల చెయ్యిపెట్టి మెడ, కందనకాయ, గుండె, కార్జం ఉన్న సంచీ బయటికి తియ్యి. అది కొన్నిసార్లు మెడ వైపు ఉంటుంది, రెండు వైపులా చూడు. పేపర్ టవల్‌తో తడి అద్ది, ఉప్పు లోపలా బయటా, బ్రెస్ట్ మీద తోలు కిందా పట్టించు. గురువారం దాకా మూత లేకుండా ఫ్రిజ్‌లో ఉంచు.

పసుపూ ఉప్పూ వేసి కడగాలని చెయ్యి లాగుతుంది, తెలుసు. కడగొద్దు. అంత పెద్ద పక్షిని సింకులో తిప్పితే చిందే నీళ్లు పక్కనున్న కొత్తిమీర మీదా, గిన్నెల మీదా పడతాయి, వాటితోపాటే సూక్ష్మక్రిములూ. ఆ క్రిములు వేడికే చస్తాయి. అలాగే తందూరీకి పెట్టినట్టు గాట్లు పెట్టకు, పెరుగు పుయ్యకు. గాట్లలోంచి రసం కారిపోతుంది, పెరుగు తడికి తోలు మెత్తబడుతుంది. మనం కోడిని స్కిన్‌లెస్ కొనే అలవాటులో ఉన్నాం గానీ, టర్కీకి అందం, రుచి, కాపుదల అన్నీ ఆ తోలే.

మసాలాకి చెంచా మిరియాలు, చెంచా ధనియాలు, రెండంగుళాల దాల్చినచెక్క, నాలుగు లవంగాలు, నాలుగు యాలకులు సన్నసెగ మీద వేయించి పొడి చెయ్యి. అర చెంచా శొంఠిపొడి, చిటికెడు జాజికాయ పొడి కలుపు. లవంగాలు నాలుగు దాటనీయకు, అవి తక్కినవాటిని మింగేస్తాయి. ఉప్పులేని వెన్న ఒక కడ్డీ మెత్తబరిచి అందులో ఈ పొడి కలిపి, గురువారం పొద్దున తోలు కింద వేళ్లతో సర్దు. తోలు పైన నూనె రాస్తే చాలు, పొడి పైనుంటే మాడుతుంది. కడుపులో ఒక ఉల్లిపాయ, నారింజ చెక్కలు, ఒక అనాసపువ్వు పెట్టు. స్టఫింగ్, అదే రొట్టెముక్కల కూరుడు, మాత్రం అందులో పెట్టకు. అది లోపల 165 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి చేరేలోపు బ్రెస్ట్ ఎండిపోతుంది. వేరే గిన్నెలో కూరగాయల రసంతో చేస్తే ఆ ఇద్దరు శాకాహారులూ తింటారు.

ఓవెన్లో దాచిన మూకుళ్లు, పెనాలు ముందురోజే తీసేసి, అడుగున జిడ్డుంటే తుడువు. లేకపోతే పొగకి అలారం మోగుతుంది. అల్యూమినియం పళ్లెంలో కాలుస్తుంటే కింద గట్టి ట్రే పెట్టు, బరువుకి వంగిపోతుంది. 325 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర 12 పౌండ్లకి సుమారు మూడు గంటలు. నూనె పుయ్యడానికి మాటిమాటికీ తలుపు తెరిస్తే వేడి పోవడం తప్ప లాభం లేదు. బ్రెస్ట్ ముందే ఎర్రబడితే పైన ఫాయిల్ కప్పు.

గడియారాన్ని నమ్మకు, రంగునీ నమ్మకు. పక్షికి గుచ్చి అమ్మే ప్లాస్టిక్ పుల్ల పైకి లేచేసరికి చాలాసార్లు ఆలస్యమవుతుంది. పది, పదిహేను డాలర్లు పెట్టి మాంసం థర్మామీటర్ కొనుక్కో. రెండున్నర గంటల నుంచే చూడటం మొదలుపెట్టు. బ్రెస్ట్‌లో మందమైన చోట, తొడ ఒంటికి అతుక్కున్న చోట, ఎముకకి తగలకుండా గుచ్చాలి. అంతటా 165 రావాలి. వచ్చిన వెంటనే తీసెయ్యి. మనకి ముక్క ఎముక నుంచి ఊడేదాకా ఉడికితేగానీ తృప్తి ఉండదు, బ్రెస్ట్ మీద ఆ తృప్తి కోరుకోకు. అరగంట ఆగి కొయ్యి, అందాకా పళ్లెంలో కారిన రసంతో గ్రేవీ కాచుకో. ఆ రసం ముందు రుచి చూడు, ఉప్పు ఎక్కువైతే నీళ్లో స్టాకో (ఎముకలు కాచిన రసం) కలపాలి.

మెడ, కందనకాయ గ్రేవీ స్టాక్‌లో వెయ్యి. కార్జం వేస్తే చేదెక్కుతుంది, దాన్ని మిరియాలతో వేపుడు చేసెయ్.

తిన్నాక రెండు గంటల్లోపు మిగిలిందంతా ఫ్రిజ్‌లోకి వెళ్లాలి, కబుర్లలో పడి మర్చిపోకు. మూడు నాలుగు రోజులు ఉంటుంది. ఎముకలు పారెయ్యకు. అల్లం, మిరియాలు వేసి రెండు గంటలు కాచి వడకట్టి, శుక్రవారం ఆ రసంతో పలావు చెయ్యి. ముక్కలు మాత్రం దమ్ము పెట్టేటప్పుడే కలుపు, ఎసట్లో వేస్తే పీచుపీచవుతాయి.

నీ పెద్దమ్మ