నీళ్ళు దిగాక ముందు ఇల్లు ఆరనివ్వండి

మీ ప్రశ్న చదవగానే మా ఇల్లే గుర్తొచ్చింది. విజయవాడ పాయకాపురంలో గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు, అమ్మానాన్నలు ఇద్దరే ఉంటున్నారు, 2024 వరదకి నడుములోతు నీళ్ళొచ్చాయి, గోడలకి ఇంకా చెమ్మ వదల్లేదు, రంగులు వేయించవచ్చా, మళ్ళీ వానలు పడేలోపు ఏం చేసి పెట్టుకోవాలి అని అడిగారు. మాది సింగ్‌నగర్. మా ఇంట్లో నాలుగడుగులు నిలిచాయి. మేం ఏం చేశామో, ఏం చేయకుండా ఉండాల్సిందో రెండూ చెబుతాను.

సెప్టెంబర్ 1, ఆదివారం. అంతకుముందు రోజంతా కుండపోత కాబట్టి, పొద్దున్నే వీధిలో నీళ్ళు చూసి వాననీళ్ళేలే, మధ్యాహ్నానికి లాగేస్తాయి అనుకున్నాం. బుడమేరు వాగుకి గండ్లు పడ్డాయని మాకు తెలిసేసరికి ఆలస్యమైంది. అందరం గడప దగ్గర ఇసుక బస్తాలు సర్దుతుంటే, నీళ్ళు గడప దాటకముందే బాత్రూమ్ జాలీలోంచి, కమోడ్‌లోంచి నల్లగా తన్నుకొచ్చాయి. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత మళ్ళీ చెబుతాను. అమ్మని పై వాటా వాళ్ళింటికి చేర్చి, మెయిన్ ఆపేసి, సిలిండర్ రెగ్యులేటర్ తీసేసి, చేతికందినవి అటకెక్కించి మేమూ పైకి వెళ్ళాం. చివరి గండి వినాయక చవితి రోజున, 7వ తేదీన పూడ్చారు. మా వీధిలో నేల కనబడింది ఆ తర్వాతే. అన్నాళ్ళు మెట్ల మీద నిలబడి మా గుమ్మం వంక చూస్తూ ఉండడం ఎంత బాధో మీకు నేను చెప్పక్కర్లేదు.

నీళ్ళు దిగగానే మనసు ఆగదు. కడిగేయాలి, ఫ్యాన్లు వేసేయాలి, దసరాకి ఇల్లు ఇల్లులా ఉండాలి అనిపిస్తుంది. మా ఇంట్లో వరద చేసిన నష్టం ఒక ఎత్తు, ఆ తొందరలో మేం చేసుకున్న నష్టం ఒక ఎత్తు.

తొందరపడాల్సింది ఒక్క బురద విషయంలోనే. తడిగా ఉన్నప్పుడు వైపర్‌తో తోసేస్తే పోతుంది. ఎండిందంటే గోడ మూలల్లో, తలుపు సందుల్లో గట్టిపడి గీకాల్సి వస్తుంది. మా వీధిలోకి ఫైరింజన్ వచ్చి పైపులతో కొట్టారు. అది పెద్ద సాయం. అయితే కడగడానికి ముందే ప్రతి గదినీ, గోడ మీద నీటి గీత కనబడేలా, ఫోటోలూ వీడియోలూ తీసి పెట్టాం. ప్రభుత్వం గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్ళకి 25,000, పై అంతస్తుల వాళ్ళకి 10,000 రూపాయలు ప్రకటించింది. ఇంటికి ఇన్సూరెన్స్ ఉన్నవాళ్ళకి కూడా ఆ ఫోటోలే ఆధారం. పాడైన సామాను కూడా సర్వేకి వచ్చినవాళ్ళు చూసేదాకా పారేయకండి. కడిగేటప్పుడు బూట్లు, చేతులకి గ్లవ్స్ ఉండాలి. కాలికి చిన్న గాయం ఉన్నా వరద నీళ్ళలో దిగకూడదు, ఎలుకల మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ వస్తుంది. పాములు బీరువా కిందా పొయ్యి గట్టు కిందా చేరి ఉంటాయి, కర్రతో కదిపి చూడండి. ఇంకొకటి, బ్లీచింగ్ పౌడర్‌నీ బాత్రూమ్ యాసిడ్‌నీ ఎప్పుడూ కలపవద్దు. మా వదిన అలాగే చేసింది. క్లోరిన్ వాయువు వచ్చి ఊపిరాడక బయటికి పరిగెత్తింది.

ఇక కరెంటు. వీధికి కరెంటు రాగానే మేం చేసిన తప్పు ఫ్రిజ్ ప్లగ్ పెట్టడం. బయటంతా తుడిచాం, మూడు రోజులు ఆరబెట్టాం, ఇంకేముంటుందిలే అనుకున్నాం. లోపల బోర్డు కాలిపోయింది. కంప్రెసర్ సీల్ చేసి ఉంటుంది కాబట్టి దానికేం కాలేదని, బోర్డు విప్పి కడిగి ఆరబెట్టి ఉంటే బాగుపడేదని మెకానిక్ తర్వాత చెప్పాడు. వాషింగ్ మెషిన్ విషయంలో ఆ మాట విన్నాం. వెనక రేకు విప్పి మోటారు, బోర్డు ఆరబెట్టి, ఇరవై రోజుల తర్వాత మెకానిక్ చూశాకే ప్లగ్ పెట్టాం. అది ఇప్పటికీ తిరుగుతోంది. బండ్లూ అంతే. మునిగిన బండిని స్టార్ట్ చేసి చూడకండి. ఇంజన్లోకి నీళ్ళు పోయి ఉంటే ఆ ఒక్క స్టార్ట్‌తోనే లోపల భాగాలు విరిగిపోవచ్చు.

ఇంటి వైరింగ్ ఇంకా ప్రమాదం. గోడలోపలి పైపుల్లో నీళ్ళు వారాలపాటు నిలుస్తాయి. మా ఎలక్ట్రీషియన్ వైర్లు లాగుతుంటే పైపుల్లోంచి బురద నీళ్ళు కారాయి, అప్పటికి వరద పోయి పది రోజులు. స్విచ్‌లు, సాకెట్లు అన్నీ మార్చాడు, వైర్లలో లీకేజీ ఉందేమో చూసే మెగ్గర్ అనే మీటరుతో ఒక్కో లైను చూశాడు, ఆ తర్వాతే మెయిన్ వేశాడు. అప్పుడే 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ కూడా పెట్టించాం. కరెంటు ఎక్కడైనా తడిలోకో మనిషిలోకో లీకయితే అది వెంటనే ట్రిప్ అవుతుంది. మీ ఇంట్లో అది లేకపోతే, మిగతావన్నీ పక్కనపెట్టి అది ముందు పెట్టించండి. అమ్మానాన్నలు ఒంటరిగా ఉండే ఇల్లు కదా. మీటరు దగ్గరే తడిగా ఉంటే మాత్రం మీరు ముట్టుకోకండి, లైన్‌మన్‌ని పిలిచి స్తంభం దగ్గరే తీయించండి.

సామానులో పరుపులు, సోఫాలు, ప్లైవుడ్ వార్డ్రోబులు పోయినట్టే. ఉబ్బిన ప్లైవుడ్ మళ్ళీ మామూలు కాదు, వదిలేయండి. టేకు తలుపులు మాత్రం దక్కుతాయి. బిగుసుకుపోయాయని వెంటనే చిత్రిక పట్టించవద్దు, ఎండలో పెట్టవద్దు. మాకు తెలిసిన వడ్రంగి రెండు నెలలు ఆగమన్నాడు. ఆగాం, వాటంతట అవే సర్దుకున్నాయి.

అమ్మ ఏడ్చింది మాత్రం వీటి గురించి కాదు. ఇంటి దస్తావేజులూ, వాళ్ళ పెళ్ళి ఆల్బమూ బీరువా కింది అరలో ఉండిపోయాయి. కాగితాలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. పక్కింటి మాస్టారు అవి చూసి, తడిసిన కాగితాల కట్టని బలవంతంగా విడదీయవద్దు, మధ్యమధ్యలో తెల్ల కాగితం పెట్టి నీడలో గాలికి ఆరనివ్వండి అన్నారు. అలాగే చేస్తే ముద్రలతో సహా చాలావరకు నిలిచాయి. నిజానికి రిజిస్టర్ అయిన దస్తావేజు నకలు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తీసుకోవచ్చు, దాని గురించి అంత దిగులు అక్కర్లేదు. ఫోటోలకే నకలు లేదు. అతుక్కున్న ఫోటోలని శుభ్రమైన చల్లటి నీళ్ళలో కాసేపు ఉంచితే మెల్లగా విడతాయి. బొమ్మ పైకి ఉండేలా గుడ్డ మీద పరిచి ఆరబెట్టాం. నలభై దాకా దక్కాయి. తాళికట్టే ఫోటో ఒక అంచు పోయింది గాని ముఖాలు బాగున్నాయి. అవన్నీ ఇప్పుడు ఫోన్లో ఉన్నాయి, అన్నయ్య దగ్గర గుంటూరులో ఒక కాపీ ఉంది.

ఇప్పుడు మీ గోడల సంగతి. మేం సంక్రాంతికే లప్పం పెట్టి రంగులు వేయించాం. పెయింటర్ కూడా ఆరిపోయిందండీ అన్నాడు. ఉగాది నాటికి నీటి గీత కింద రంగంతా పొక్కులు కట్టి రాలింది. గోడ పైకి ఆరినట్టు కనబడినా ఇటుకలో నీళ్ళు ఉంటాయి. ఆ నీళ్ళు బయటికి వస్తూ లోపలి ఉప్పుని కూడా తెస్తాయి, గోడ మీద తెల్లగా పూసేది అదే. రంగు వేసి ఆ దారి మూసేస్తే రంగునే తోసుకొని వస్తుంది. రెండోసారి మేస్త్రీ చెప్పినట్టు చేశాం. పాత రంగూ లప్పమూ గీకించి, గుల్లగా మోగిన చోట ప్లాస్టరింగ్ ఊడగొట్టించి, కిటికీలు తెరిచి ఎండాకాలమంతా వదిలేశాం. ఉప్పుని పొడిగా బ్రష్‌తో దులిపాం. నీళ్ళతో కడిగితే అది మళ్ళీ లోపలికి పోతుంది.

ఆరిందో లేదో తెలుసుకోవడానికి ఒక తేలిక పద్ధతి ఉంది. అడుగు చదరం ప్లాస్టిక్ కవరు తీసుకొని నాలుగు వైపులా టేపుతో గోడకి అంటించండి. ఒకటి రెండు రోజుల తర్వాత కవరు లోపల నీటి చుక్కలు కనబడితే ఇంకా ఆరలేదని అర్థం.

అయితే ఇన్నాళ్ళ తర్వాత కూడా మీ గోడకి చెమ్మ ఉందంటే అది ఒక్క వరద వల్లే అని నేననుకోను. రంగులకి డబ్బు పెట్టే ముందు వేరే కారణం ఉందేమో చూడండి. రాత్రి కుళాయిలన్నీ కట్టేసి ట్యాంకులో నీటి మట్టం గుర్తు పెట్టుకోండి, పొద్దునకి తగ్గితే పైపు ఎక్కడో కారుతున్నట్టే. బాత్రూమ్ అవతలి గోడ, సంపు పక్క గోడ ముందు చూడండి. మన పేటల్లో ఇంకో సమస్య కూడా ఉంది. రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోతే ఇంటి బేస్‌మట్టం కిందికి పోయినట్టవుతుంది, బయట మట్టి గోడకి ఆని చెమ్మ పీలుస్తుంది. అలా ఉంటే ఆ మట్టి తీయించాలి.

వానలు పడేలోపు మీరు చేయించాల్సిన వాటిలో నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించేది బయటి డ్రైనేజీ పైపుకి నాన్ రిటర్న్ వాల్వ్. నీళ్ళు బయటికే పోతాయి, వెనక్కి తన్నవు. ఏడాదికి ఒకసారి చెత్త తీయించాలి. బాత్రూమ్ జాలీల మీద, కమోడ్‌లో పెట్టడానికి ప్లాస్టిక్ సంచుల్లో కట్టిన ఇసుక మూటలు నాలుగు సిద్ధంగా ఉంచుకోండి. కింద ఉన్న ప్లగ్ పాయింట్లు నాలుగైదు అడుగుల పైకి మార్పించండి, ఇన్వర్టర్ బ్యాటరీ కూడా. దీనితో 2024 లాంటి వరద ఆగదు గాని, డ్రైన్ తన్నే మామూలు ముంపులో చాలా మిగులుతాయి. సంపులోకి వరద నీళ్ళు పోతే పూర్తిగా తోడించి, కడిగించి, మంచి నీళ్ళు నింపాక 1,000 లీటర్లకి 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడర్ చొప్పున బకెట్లో కలిపి, అడుగున సున్నం తేరాక పై నీళ్ళు మాత్రమే పోయండి. గంట ఆగి వాడుకోవచ్చు.

ముందు ఆ ప్లాస్టిక్ కవరు పరీక్ష చేసి, చెమ్మ ఏ గోడకి ఎంత ఎత్తు దాకా ఉంది, ఆ గోడకి అవతల ఏముంది, ఈ రెండూ రాయండి. మా మేస్త్రీని అడిగి చెబుతాను. అప్పటిదాకా పెయింటర్‌కి అడ్వాన్సు ఇవ్వకండి.