అడగండి, చెబుతాం: బానెట్ మీది బొమ్మల సంగతి

ప్రశ్న: బీఎండబ్ల్యూ లోగో విమానం ప్రొపెల్లరేనని మా ఫ్రెండ్ పందెం కాశాడు. లోగో చూస్తే కంపెనీ గుణం తెలిసిపోతుందని కూడా అంటాడు. నిజమేనా? – ఓ పాఠకుడు, గుంటూరు

జవాబు: పందెం మీదే, డబ్బులు వసూలు చేసుకోండి. 1917లో ఆ గుర్తు రిజిస్టర్ చేయించేనాటికి బీఎండబ్ల్యూ చేసేది విమానం ఇంజిన్లే, కార్లు ఇంకా లేవు. అయినా అది ప్రొపెల్లర్ కాదు. చుట్టూ ఉన్న నల్లటి వలయం అంతకుముందున్న రాప్ అనే కంపెనీ గుర్తులోంచి తీసుకున్నది, లోపలి నీలం, తెలుపు బవేరియా రాష్ట్రం రంగులు. రాష్ట్ర చిహ్నాలను ట్రేడ్‌మార్కులో పెట్టడానికి అప్పటి చట్టం ఒప్పుకోదు కాబట్టి రంగుల వరుస తిప్పేసి పని కానిచ్చారు. ప్రొపెల్లర్ కథ పుట్టింది 1929లో: ఓ ప్రకటనలో విమానం బొమ్మ వేసి, గిర్రున తిరిగే ప్రొపెల్లర్ల మీద ఈ గుర్తు పెట్టారు. జనం అదే నిజమనుకున్నారు, కంపెనీ కూడా ఏళ్ల తరబడి కాదనలేదు. విమానాల వాళ్లన్న పేరు ఊరికే వస్తుంటే ఎవరు వద్దంటారు?

గుణం సంగతంటారా, మా లెక్కలో అది బండి నుంచి బొమ్మకు వస్తుంది తప్ప బొమ్మ నుంచి బండికి రాదు. ఆడి (Audi) కార్ల మీది నాలుగు రింగులు ఇప్పుడు దర్జాగా కనిపిస్తాయి గానీ, 1932లో మాంద్యం దెబ్బకు నాలుగు కార్ల కంపెనీలు ఒక్కటైతే పెట్టుకున్న గుర్తది.

ప్రశ్న: మా పక్కనే పెనుకొండలో కియా ఫ్యాక్టరీ ఉంది. మొదట్లో వచ్చిన సెల్టోస్ మీద పేరు చక్కగా చదవడానికి వచ్చేది. కొత్త లోగోని మా నాన్న 'కేఎన్' అంటున్నారు. బాగున్నదాన్ని ఎందుకు మార్చారు? – ఓ పాఠకురాలు, హిందూపురం

జవాబు: మీ నాన్నగారి తప్పేం లేదండీ, అమెరికాలో కూడా చాలామంది 'కేఎన్ కారు' అనే గూగుల్‌లో వెతికారు. దగ్గరగా చూడండి, 'ఐ' నిలువు గీత కింద 'ఏ' కాలితో కలిసిపోయింది, 'ఏ'లో అడ్డగీత లేదు, రెండూ కలిపి చూస్తే తిరగేసిన 'ఎన్'! చేత్తో చేసిన సంతకంలా ఉండాలని అలా గీయించారు. 2021 జనవరిలో లోగోతో పాటు పేరులోని 'మోటార్స్' కూడా తీసేశారు, మన దగ్గరికి ఏప్రిల్‌లో వచ్చింది. అమెరికా, యూరప్‌లలో కియా అంటే చాలాకాలం చవక కార్ల కంపెనీయే, ఎలక్ట్రిక్ కార్లతో పై మెట్టు ఎక్కాలంటే ఆ ముద్ర చెరిపేయాలి. మన దేశంలో అసలా ముద్రే లేదు, 2019లో సెల్టోస్‌తో అడుగుపెట్టినప్పుడే జనం ఎగబడి బుక్ చేసుకున్నారు. అంటే అక్కడి రోగానికి మనకూ మందు పోశారన్నమాట. చూడ్డానికి మాత్రం కొత్తదే బాగుంది, ఏమాటకామాట.

ప్రశ్న: మహీంద్రా కొత్త ఎస్‌యూవీల మీద ఒక గుర్తు, మా ట్రాక్టర్ మీద వేరే గుర్తు. ఎందుకలా? మా పాత ఎక్స్‌యూవీ 500కి కొత్తది వేయించొచ్చా? – ఓ పాఠకుడు, జహీరాబాద్

జవాబు: రెండు శిఖరాల్లా ఉండే కొత్త గుర్తు 2021లో ఎక్స్‌యూవీ 700తో మొదలైంది, అది ఎస్‌యూవీలకే. ట్రాక్టర్లకు, సరుకుల బళ్లకు పాతదే ఉంచారు. ఎస్‌యూవీ కొనేవాడు కొత్తదనం చూస్తాడు, ట్రాక్టర్ కొనే రైతు తెలిసిన గుర్తు కోసం చూస్తాడు, దాన్ని కదిలించడం ఎందుకనుకుని ఉంటారు. మీ 500కి మోజుంటే వేయించుకోండి, కానీ అమ్మేటప్పుడు రేటు పెరుగుతుందని మాత్రం ఆశపడకండి, కొనేవాడు ముందు ఆర్‌సీ చూస్తాడు.