ఆ డబ్బాలు మాత్రం పారేయకు

చిట్టితల్లికి,

నిన్న అమ్మ ఫోన్‌లో కూరగాయల ధరలు, నాన్నగారి బీపీ అన్నీ చెప్పి, చివర్లో పెట్టేసే ముందు ఈ సంగతి చెప్పింది. కార్తీకంలో రెండు పెళ్లిళ్లకు మేకప్ ఒప్పుకున్నావట. అందుకోసం వచ్చే ఆదివారం రెప్పలకు వేసే నీ ఐషాడోలన్నీ డబ్బాల్లోంచి ఊడదీసి నాలుగు అయస్కాంతపు ప్యాలెట్లలో సర్దుతావట. విని పొంగిపోయాను. పడుకున్నాక మాత్రం నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెబితే "సరే పిన్నీ, సరే పిన్నీ" అని పెట్టేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

నీ ఆలోచన మంచిదే. అరవై డబ్బాలు మోసుకుంటూ పెళ్లిళ్లకు తిరగలేం. పెళ్లికూతురు కళ్లు మూసుకుని కూర్చుంటే మనం మూతలు తీస్తూ వెతుక్కోకూడదు.

ముందు జుట్టు ముడేసుకో, చున్నీ తీసి పక్కన పెట్టు, కిటికీ తెరువు. మ్యాక్ లాంటి కంపెనీల విడి డబ్బాలైతే సన్నని కత్తి మొనతో లోపలి ప్లాస్టిక్ చట్రాన్ని పైకి లేపు. వేడి చేసిన జుట్టు స్ట్రెయిటనర్ మీద బేకింగ్ పేపర్ పరిచి, ఆ చట్రాన్ని ఒకటి రెండు నిమిషాలు ఉంచితే అడుగున జిగురు వదులుతుంది. అప్పుడు కింద నుంచి నెమ్మదిగా నెడితే రంగు ఉన్న చిన్న రేకు పళ్లెం, అదే ప్యాన్, బయటికి వస్తుంది. అట్ట ప్యాలెట్లలో అంటించినవాటికి వేడి వద్దు. ప్యాన్ అంచు చుట్టూ ఐసోప్రొపైల్ ఆల్కహాల్, అదే స్పిరిట్, నాలుగు చుక్కలు వేసి, ఐదు నిమిషాలాగి, కత్తి అంచుతో అడుగు నుంచి లేపు. సీసా మీద 99 శాతం అని ఉందో లేదో చూసి కొను. 70 శాతం దాంట్లో నీళ్లెక్కువ, రంగు పాడవుతుంది.

ఆ సీసా తెరిచిన గదిలో కొవ్వొత్తి గానీ వేడి స్ట్రెయిటనర్ గానీ ఉండకూడదు. ఆ ఆవిరి భగ్గున అంటుకుంటుంది. వేడి పని ఒక రోజు, స్పిరిట్ పని ఇంకో రోజు పెట్టుకో. రెండూ ఒకే ఆదివారం తేల్చేద్దామనుకుంటున్నావని నాకు తెలుసు. చిన్నప్పుడు హోంవర్క్ అంతా ఆదివారం సాయంత్రం ముందేసుకుని ఏడ్చేదానివి. వద్దమ్మా.

నువ్వు తక్కువగా వాడే చవక రంగులతో చెయ్యి అలవాటు చేసుకో. మెరుపు లేని మ్యాట్ రంగులు గట్టిగా ఉంటాయి. మెరుపు రంగులు మెత్తన, చిన్న కుదుపుకే చిట్లుతాయి కాబట్టి వాటిని చివరికి పెట్టుకో. క్రీమువి అసలు ముట్టుకోకు. ఏదైనా పగిలితే కంగారుపడకు. పొడి చేసి, స్పిరిట్ చుక్కలతో ముద్దగా కలిపి, పైన టిష్యూ పరిచి పాత ఐదు రూపాయల బిళ్లతో నొక్కు. అది 23 మిల్లీమీటర్లు, మ్యాక్ ప్యాన్ 26, సరిగ్గా పడుతుంది. పది రూపాయల బిళ్ల 27 కాబట్టి లోపలికి దిగదు. ఒక రాత్రంతా ఆరనివ్వు. ప్యాన్ అయస్కాంతానికి అంటుకుంటుందో లేదో ఫ్రిజ్ మీది బొమ్మతో చూడు. అల్యూమినియం ప్యాన్ అంటుకోదు, దాని అడుగున ఇనుప స్టిక్కర్ వేయాలి.

ఇవన్నీ నువ్వు ఎలాగూ నేర్చుకుంటావు. నన్ను రాత్రంతా మేలుకోబెట్టింది వేరే.

అమ్మ ఇంకో మాట కూడా అంది. "ఖాళీ డబ్బాలన్నీ పారేస్తే అల్మారా సగం ఖాళీ అవుతుందంటోందే" అని.

నీకు మూడో తరగతిలో కొన్న కంపాస్ బాక్స్ గుర్తుందా? నీలం రంగు రేకు డబ్బా, మూత మీద చేప బొమ్మ. 2009 వేసవి సెలవుల్లో మా రాజమండ్రికి తెచ్చి, ఇక్కడే మర్చిపోయావు. ఖాళీ ప్యాలెట్లు దొరుకుతాయని కూడా నాకప్పుడు తెలియదు. ఇరవై రెండు రంగులు ఊడదీసి, అడుగున అయస్కాంతం ముక్కలు అంటించి, నీ రేకు డబ్బాలో మూడు వరసలు పేర్చాను. ఎంత అందంగా ఉందో! ఖాళీ డబ్బాలు, అట్టపెట్టెలు ఆ సాయంత్రమే చెత్తబుట్టలో వేశాను. ఏ రంగు ఎక్కడిదో నాకు గుర్తుండదా అనుకున్నాను.

పది రోజుల తర్వాత అమలాపురం దగ్గర ఒక పెళ్లి. ముహూర్తం తెల్లవారుజామున 3:40కి. పెళ్లికూతురు తల్లి ముందే చెప్పింది, "మా పిల్లకు ఒక ఎర్ర లిప్‌స్టిక్ పడలేదమ్మా, పెదాలు వాచాయి, అందులో ఉన్న ఎర్ర రంగే కారణమన్నారు డాక్టరుగారు. ఆ రంగు ఉన్నవి వాడకండి" అని. ఆ పేరు ఒక చీటీ మీద రాసి కూడా ఇచ్చింది. కార్మైన్. నేను చీటీ చూశాను, డబ్బా తెరిచాను. మూడో వరసలో రెండు ఎరుపులు పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాంట్లో ఆ రంగు లేదని ఇదివరకు డబ్బా వెనక చదివిన గుర్తు. ఏ ఒక్కటి? ఎడమదా, కుడిదా? రాత్రి ఒంటిగంట, బయట సన్నాయి మొదలైంది, అందరూ తొందర పెడుతున్నారు. అడిగితే తెలియదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. కుడిది తీసుకున్నాను.

గంట తిరక్కుండా రెప్పలు ఉబ్బాయి. నీళ్లు కారుతూనే ఉన్నాయి. కడిగేశాం, చల్లటి గుడ్డ పెట్టాం. జీలకర్ర బెల్లం వేళ తెర దించితే ఆ పిల్ల కళ్లు సరిగ్గా తెరవలేకపోయింది. పుట్టింటిని వదిలి వెళ్తున్నానని ఏడుస్తోందనుకున్నారు చుట్టాలు. నేను స్తంభం పక్కన నిలబడి ఉన్నాను.

పొద్దున్నే డాక్టరు దగ్గరికి నేనూ వెళ్లాను. "ఏం వాడారు? డబ్బా ఏది?" అని అడిగారు. "ఎర్రదండీ" అన్నాను. అంతకంటే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. తర్వాత ఆ రెండు ఎరుపులూ కొత్తవి కొని వెనక చదివాను. కుడిదాని మీద సీఐ 75470 అని ఉంది. కార్మైన్‌కు అదే నంబరు. కోచినీల్ అనే పురుగుల నుంచి తీసే ఎరుపు అది. నాలుగు రోజుల్లో ఆ పిల్లకు తగ్గింది. వాళ్లమ్మ నన్ను ఒక్క మాట అనలేదు, నా చెయ్యి పట్టుకుని "పోనీలేమ్మా" అంది. ఆల్బంలో ఒక్క ఫొటోలోనూ ఆ పిల్ల తలెత్తి చూడలేదు. ఆ ఏడాది శ్రావణంలో వచ్చిన పెళ్లిళ్లన్నీ వదులుకున్నాను. నాకు ఒంట్లో బాలేదని మీ అమ్మకు చెప్పాను. ఇన్నాళ్లకు నీకే చెబుతున్నాను.

అందుకని, ప్యాన్ ఊడదీయక ముందే డబ్బా వెనక ఫొటో తీసుకో. పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, పదార్థాల జాబితా అన్నీ కనపడాలి. డబ్బా మీది స్టిక్కర్ ఊడి వస్తే దాన్నే ప్యాన్ అడుగున అంటించు. రాకపోతే చిన్న కాగితం మీద రాసి అంటించు. ఒక్కటి పూర్తయ్యాకే రెండోది ముట్టుకో. పది ఊడదీసి తర్వాత రాసుకుందాం అనుకోకు. మూత తెరిచిన చిన్న సీసా బొమ్మలో 12ఎం, 24ఎం అని ఉంటుంది చూడు, తెరిచాక అన్ని నెలలే వాడాలని. అదీ రాయి. నియాన్ గులాబీ రంగుల వెనక ఒక్కోసారి కంటి చుట్టూ వాడకూడదని ఉంటుంది. ప్యాలెట్లోకి వచ్చాక ఆ మాట చెప్పేవాళ్లుండరు, అలాంటివి పెళ్లి ప్యాలెట్లో పెట్టనే వద్దు. డబ్బాలు ఒక ఏడాదైనా దాచు. అల్మారా నిండితే అమ్మ మంచం కింద పెట్టు, నేను చెప్పానని చెప్పు.

సర్దడం నీ ఇష్టం. నేనైతే మ్యాట్‌లు ఒక ప్యాలెట్లో, మెరుపులు ఇంకోదాంట్లో పెడతాను. మెరుపు రాలి మ్యాట్ మీద పడితే కనుబొమ్మ కింద నీడ వేసే గోధుమ రంగు కూడా తళుక్కుమంటుంది. బస్సు ప్రయాణమైతే ప్యాన్ల మీద దూది పొర పరిచి మూత వెయ్యి.

శుక్రవారం రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్‌కు టికెట్ తీసుకున్నాను, శనివారం పొద్దున్నే వచ్చేస్తాను. స్టేషన్‌కు రానక్కర్లేదు, ఆటోలో వస్తాను. నీ కంపాస్ బాక్స్ తెస్తున్నాను, అది ఇంకా నా దగ్గరే ఉంది. ఈలోగా మ్యాట్‌లు రెండు మూడు ప్రయత్నించు. నీ దగ్గరున్న ఆ ఎర్ర ప్యాలెట్‌ను మాత్రం నేను వచ్చేదాకా తెరవకు. దాని వెనక ఏముందో ఇద్దరం కూర్చుని చదువుదాం.

మీ పిన్ని